కొండ నదికి పీఎంఎఫ్ 4,100 వచ్చింది, 2,300 రాయమంటున్నారు. ఏం చేయాలి?

#1 కొండవాగు
ఉత్తరాఖండ్‌లో ఒక చిన్న జలవిద్యుత్ ప్రాజెక్టు డీపీఆర్ (వివరమైన ప్రాజెక్టు నివేదిక)లో హైడ్రాలజీ, అంటే నీటి లెక్కల చాప్టర్ నా మీద పడింది. నది పేరు, కంపెనీ పేరు చెప్పలేను, ఉద్యోగం పోతుంది. క్యాచ్‌మెంట్, అంటే నదిలోకి నీళ్లు దిగే ప్రాంతం, 1,150 చదరపు కిలోమీటర్లు. బ్యారేజీ కట్టే చోటు 1,600 మీటర్ల ఎత్తులో ఉంది, పైన శిఖరాలు ఆరువేలు దాటతాయి. నదిలో నీటి కొలతలు 12 ఏళ్లవే ఉన్నాయి. వానమాపకాలు మూడే, మూడూ లోయలో రోడ్డు పక్కన.

వీటితోనే కిందా మీదా పడి లెక్క వేస్తే గరిష్ఠ సంభావ్య వరద, అదే పీఎంఎఫ్, 4,100 క్యూమెక్కులు (సెకనుకు ఘనపు మీటర్లు) వచ్చింది. మా సార్ చూసి "12 ఏళ్లలో 640 దాటని నదికి ఇంత ఎక్కడ్నుంచి వస్తుందయ్యా, 2,300 దగ్గరికి తీసుకురా" అన్నారు. వైశాల్యం నుంచి వరద తీసే డికెన్స్ సూత్రంలో గుణకం 11 వేస్తే 2,170, 14 వేస్తే 2,760 వస్తుంది, కాబట్టి ఆ మధ్యలో ఎక్కడో పెట్టమని ఆయన వాదన. ఏది మారిస్తే తగ్గుతుందో నాకు తెలుసు. వాన మంచుగా మారే ఎత్తును 4,200 మీటర్ల దగ్గర పెడితే చాలు, సగం కొండ లెక్కలోంచి పోతుంది. అలా పెట్టొచ్చా? వారం నుంచి ఒకటే టెన్షన్. ఇలాంటి పని చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

#2 లెక్కలపిచ్చి
ఆ 12 ఏళ్ల డేటాకి గంబెల్ (పాత కొలతల నుంచి అరుదైన వరదల్ని అంచనా వేసే గణాంక పద్ధతి) పెట్టి చూశావా? ఎంత వచ్చింది?

#3 కొండవాగు
వెయ్యేళ్ల వరద, అంటే సగటున వెయ్యేళ్లకోసారి వచ్చేది, 1,380, పదివేల ఏళ్లది 1,730. మా సార్ దాన్నే పట్టుకుని కూర్చున్నారు, "పదివేల ఏళ్లకే 1,730 అయితే 2,300 ఇంకా ఎక్కువే కదా" అని.

#4 పాత_గేజి
తమ్ముడూ, ముప్పై నాలుగేళ్లు నీళ్లు కొలిచి రిటైరైనవాణ్ని, అందులో తొమ్మిదేళ్లు హిమాలయాల్లోనే గడిచాయి. కాస్త ఓపిగ్గా చదువు.

ముందు డికెన్స్ సంగతి. అది 1865 నాటి సూత్రం. క్యాచ్‌మెంట్ వైశాల్యం ఎంత అని ఒక్కటే అడుగుతుంది. ఎంత వాన కురుస్తుందో అడగదు, కొండ ఎంత నిటారుగా ఉందో అడగదు, పైన మంచు ఉందో లేదో అడగదు. మిగతాదంతా ఆ ఒక్క గుణకంలో కూరేస్తారు. తూముకో, ఊరి వంతెనకో తొలి అంచనాగా వేసుకుంటే తప్పు లేదు. దాంతో వచ్చిన అంకెకు పీఎంఎఫ్ అని పేరు పెట్టకూడదు. పీఎంఎఫ్ అంటే ఆ ప్రాంతంలో గాలి మోయగలిగినంత తేమ మోసి, కురవగలిగినంత కురిసి, నేల అప్పటికే నాని ఉన్నప్పుడు ఆ నీళ్లన్నీ నదిలోకి దిగితే వచ్చే వరద. దాన్ని వాన నుంచే కట్టుకుంటూ రావాలి.

ఇప్పుడు నా ప్రశ్నలు. నీ దగ్గరున్న 12 ఏళ్లు ఏవి? అందులో 2013 జూన్, అదే కేదారనాథ్ వరద నెల, ఉందా? గేజి చదివింది పగలు మాత్రమేనా, రాత్రి కూడానా? వీటికి జవాబు చెప్పాక మిగతావి మాట్లాడుకుందాం.

#5 రేడియల్‌గేటు
నాది గేట్లు బిగించే పని. లోయ ఇరుకుగా ఉన్నచోట 2,300ని 4,100 చేయడమంటే మాటలు కాదు, రెండో మూడో గేట్లు ఎక్కువ పెట్టాలి, వాటికి కొండ తొలవాలి. మీ సార్‌ని అప్పుడే దొంగను చేయకండి. ఇంతకీ కట్టడం ఎత్తెంత, నిల్వ ఎంత?

#6 కొండవాగు
@పాత_గేజి సార్, డేటా 2009 నుంచి 2020 వరకు. మీరు అడిగాక మళ్లీ ఫైలు తెరిచి చూశాను. 2013 జూన్ 15 నుంచి జులై 2 దాకా ఖాళీ. రిమార్కుల్లో "గేజి కొట్టుకుపోయింది" అని ఉంది. నేను ఆ ఖాళీని అలాగే వదిలేసి మిగతా రోజుల్లోంచి ఆ ఏడాది గరిష్ఠం 410 అని తీసుకున్నాను. ఇప్పుడు సిగ్గుగా ఉంది.
కొలతలు పొద్దున 8, మధ్యాహ్నం 12, సాయంత్రం 5. రాత్రి లేవు.
@రేడియల్‌గేటు నిల్వ 2.8 మిలియన్ ఘనపు మీటర్లు, హెడ్, అంటే ఎగువ దిగువ నీటి మట్టాల తేడా, 19 మీటర్లు.

#7 పాత_గేజి
సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, ఈ తప్పు చేయనివాడు మా లైన్లో లేడు. కానీ చూడు, ఆ ఏడాది గేజినే మింగేసినంత వరద వస్తే మన పట్టికలో 410 అని కూర్చుంది. 12 ఏళ్లలో అన్నిటికన్నా పెద్దది ఏదో అదే లేదు. దానికి గంబెల్ పెట్టినా ఎవర్ని పెట్టినా వచ్చేది తక్కువే. 640 దాటలేదని మీ సార్ అంటున్నారు గానీ, దాటినప్పుడు కొలిచే సాధనం అక్కడ లేదు.

#8 లెక్కలపిచ్చి
నాకు పీఎంఎఫ్ అనే మాట మీదే నమ్మకం తక్కువ. "ఇంతకన్నా రాదు" అని ఎవరు చెప్పగలరు? దానికి సంభావ్యత కూడా ఇవ్వరు. నూరేళ్ల వరద అంటే 50 ఏళ్ల ప్రాజెక్టు కాలంలో కనీసం ఒకసారి రావడానికి దాదాపు 39.5 శాతం అవకాశం అని చెప్పొచ్చు, వెయ్యేళ్ల వరదకు నూరేళ్లలో 9.5 శాతం అని చెప్పొచ్చు. దాంతో నిర్ణయం తీసుకోవచ్చు. పీఎంఎఫ్‌తో ఏం చెప్తారు? 12 ఏళ్లు చాలవు, నిజమే, పక్క నదుల డేటా కూడా కలిపి ప్రాంతీయ విశ్లేషణ చేయాలి.

#9 పాత_గేజి
@లెక్కలపిచ్చి మీ మాటలో సగం ఒప్పుకుంటాను. పీఎంఎఫ్ కూడా అంచనానే, దేవుడు చెప్పిన అంకె కాదు. హీరాకుడ్ చూడండి. మొదట 42,450 క్యూమెక్కుల వరదకు కట్టారు, తర్వాత మళ్లీ లెక్క వేస్తే 69,632 అయింది, అందుకే అదనపు స్పిల్‌వే పెట్టాల్సి వచ్చింది. డ్యాం అదే, నది అదే. మారింది మన దగ్గరున్న వాన లెక్కలు, వాటిని చూసే పద్ధతి.

మిగతా సగం ఒప్పుకోను. ప్రాంతీయ విశ్లేషణ అంటున్నారు, ఆ పక్క నదుల గేజీలు మాత్రం 2013లో నిలబడ్డాయా? పెద్ద వరద వచ్చినప్పుడల్లా కొలత మాయమైపోయే చోట ఎన్ని నదులు కలిపినా మాయమైనవే కలుస్తాయి.

#10 సున్నాడిగ్రీ
అసలు ప్రశ్నకి వద్దాం, ఆ 4,200 మీటర్లు. నేను మంచు, హిమానీనదాల మీద పరిశోధన చేస్తున్నాను. శాశ్వత మంచు గీత వేరు, వాన పడే సమయంలో సున్నా డిగ్రీలు ఉండే ఎత్తు వేరు. ఈ రెండింటినీ కలిపేస్తున్నారు చాలామంది. రుతుపవనాల కాలంలో ఆ సున్నా మట్టం హిమాలయాల్లో ఐదువేల మీటర్ల దాకా, ఒక్కోసారి ఇంకా పైకి పోతుంది. వెయ్యి మీటర్లకు సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందనుకుంటే, మీ 1,600 మీటర్ల దగ్గర 22 డిగ్రీలు ఉన్న రోజున సున్నా ఎక్కడ వస్తుందో వేసుకోండి, 4,980. ఆ రోజు 4,200 పైన మంచు కురుస్తుందని రాస్తే ఎవరు నమ్ముతారు? మీ ఎత్తు-వైశాల్యం వక్రరేఖ ప్రకారం 4,200 కింద ఎంత ఉంది, 4,900 కింద ఎంత ఉంది?

#11 కొండవాగు
4,200 కింద 58 శాతం. 4,900 కింద 80 శాతం. నేను వేసింది 4,900.

#12 సున్నాడిగ్రీ
అదే మరి. 22 శాతం కొండ మీద వాన పడుతుందా మంచు పడుతుందా అన్నదే మీ గొడవంతా. మంచుగా పడితే అక్కడే కూర్చుంటుంది, వానగా పడితే గంటల్లో నదిలో ఉంటుంది, పైగా అక్కడ పాత మంచు ఉంటే దాన్ని కూడా కరిగించి తెస్తుంది. 2013లో జరిగింది ఇదే. రుతుపవనాలు జులై 15 నాటికి దేశమంతా కమ్ముకోవాల్సింది జూన్ 16కే కమ్ముకున్నాయి. కొండల మీద ఇంకా మంచు కరగలేదు, దాని మీద వాన పడింది. కేదారనాథ్ పైన చోరాబారి చెరువు 3,900 మీటర్ల దగ్గర ఉంటుంది, అది తెగింది. మీరు 4,900 వేయడం సరైనదే. మంచు కరుగు నీళ్లు కలిపారా?

#13 కొండవాగు
కలిపాను, వేడిని బట్టి కరుగు లెక్కించే డిగ్రీ-డే పద్ధతిలో. చిన్నదే, 150 క్యూమెక్కులు.

#14 చెయ్యేటి_గట్టు
నాకు మీ క్యూమెక్కులు తెలియవు, రాజంపేట పక్కన మాకు నాలుగెకరాలు ఉండేది. "12 ఏళ్లలో 640 దాటలేదు" అన్న మాట చదివి రాస్తున్నా. మా జేజినాయన కూడా అదే అనేవాడు, చెయ్యేరు మన ఇంటి మెట్టు ఎక్కదు, నా చిన్నప్పటి నుంచి చూస్తున్నా అని. 2021 నవంబరు 19 తెల్లవారుజామున మెట్టు కాదు, కిటికీ ఎక్కినాయి నీళ్లు. పిల్లల్ని మిద్దె మీదికి తోసి మేం ఎక్కేలోపు బర్రెలు రెండూ కళ్ల ముందే పోయినాయి. పొలంలో ఇప్పటికీ మోకాలి లోతు ఇసుక ఉంది. ఆ రోజు పులపత్తూరు, మందపల్లి ఎట్లా అయినాయో చూసినోళ్లకు తెలుసు. అన్నా, నువ్వు ఆ నంబరు తగ్గించేముందు కింద ఎన్ని ఊళ్లు ఉన్నాయో లెక్కబెట్టు.

#15 పాత_గేజి
@చెయ్యేటి_గట్టు మీ మాట విన్నాక ఇంక చెప్పడానికి ఏముంది. తెలియనివాళ్ల కోసం రాస్తున్నా. శేషాచలం, పాలకొండల మీద కురిసిన వానంతా ఒకేసారి దిగింది. ముందు పింఛా, తర్వాత అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగాయి. అన్నమయ్య స్పిల్‌వే సామర్థ్యం 2.17 లక్షల క్యూసెక్కులు, వచ్చింది 3.2 లక్షలని అంచనా. ఐదు గేట్లలో ఒకటి తెరుచుకోలేదు. కొండవాగూ, నీ 4,100 క్యూమెక్కులంటే 1.45 లక్షల క్యూసెక్కులు. కొండ నదికి అది పిచ్చి అంకె కాదు.

#16 రేడియల్‌గేటు
చెయ్యేరు విషయంలో చెప్పడానికి నాకు మాటల్లేవు. కానీ ఒక విషయం ఎవరూ ఎత్తలేదు, నేను అందుకే #5లో ఎత్తు, నిల్వ అడిగాను. భారత ప్రమాణం ఐఎస్ 11223 ప్రకారం ఏ డ్యాంకి ఏ వరద వేయాలో తరగతులున్నాయి. నిల్వ 10 మిలియన్ ఘనపు మీటర్ల లోపు, హెడ్ 12 మీటర్ల లోపు అయితే చిన్నది, నూరేళ్ల వరద చాలు. నిల్వ 60 దాకా, హెడ్ 30 దాకా అయితే మధ్యస్థం, దానికి ఎస్‌పీఎఫ్, అంటే ఆ ప్రాంతంలో నిజంగా కురిసిన పెద్ద వానతో లెక్కించే వరద. అంతకు మించితేనే పీఎంఎఫ్. రెండింట్లో ఏది పెద్ద తరగతిలో పడితే అది తీసుకోవాలి. వీళ్లది నిల్వలో చిన్నది, హెడ్ 19 కాబట్టి మధ్యస్థం. అంటే కావాల్సింది ఎస్‌పీఎఫ్. అది మామూలుగా పీఎంఎఫ్‌లో సగం చుట్టుపక్కల వస్తుంది. 2,300 సరిగ్గా అక్కడే ఉంది. మీ సార్ చెప్పిన అంకె తప్పు కాకపోవచ్చు.

#17 లెక్కలపిచ్చి
ఇది బాగుంది. మొత్తం గొడవ తరగతి గొడవా?

#18 పాత_గేజి
@రేడియల్‌గేటు మంచి పాయింటు పట్టారు, నేనే ముందు అడగాల్సింది. ఒప్పుకుంటున్నా.

అయితే తమ్ముడూ, ఇక్కడ జాగ్రత్తగా విను. "ఇది మధ్యస్థ తరగతి, ఎస్‌పీఎఫ్ చాలు" అని మీ సార్ అని ఉంటే అది ఇంజనీరింగ్. "పీఎంఎఫ్ ఎక్కువ వచ్చింది, మంచు మట్టం దించి తగ్గించు" అంటే అది వేరే పని. అంకె ఒకటే కావొచ్చు, కాగితం మీద ఉండే మాట వేరు. పీఎంఎఫ్ 2,300 అని రాసి పెడితే రేపు పదేళ్ల తర్వాత కింద ఇంకో డ్యాం కట్టేవాడు నీ రిపోర్టు చూసి "పైన పీఎంఎఫ్ 2,300" అని ఎత్తి రాసుకుంటాడు. వాడిది పెద్ద డ్యాం అయితే? ఒకడు రాసిన అంకెను ఇంకొకడు కాపీ కొట్టడం నేను ఎన్ని ఫైళ్లలో చూశానో.

కాబట్టి రెండూ రాయి. పీఎంఎఫ్ 4,100, ఎలా వచ్చిందో. ఎస్‌పీఎఫ్ ఎంతో, అదెలా వచ్చిందో. ఎస్‌పీఎఫ్‌ని మాత్రం పీఎంఎఫ్‌లో సగం అని కొట్టేయకు. ఆ ప్రాంతంలో నిజంగా కురిసిన పెద్ద వానను తెచ్చి, తేమను గరిష్ఠానికి పెంచకుండా, నీ క్యాచ్‌మెంట్ మీద పెట్టి లెక్కించు.

#19 రాళ్లబడి
నేను జియాలజిస్టుని, ఇంతసేపూ చదువుతూ ఉన్నాను. అందరూ వాన గురించే మాట్లాడుతున్నారు. కొండ నదిలో అన్నిటికన్నా పెద్ద వరద వాన వల్లే రావాలని ఎక్కడుంది?

2021 ఫిబ్రవరి 7న ఋషిగంగలో ఒక్క చుక్క వాన లేదు, పట్టపగలు. రోంతి శిఖరం నుంచి రాయి, మంచు కలిసి సుమారు 2.7 కోట్ల ఘనపు మీటర్లు ఊడిపడింది. లోయలో పడి నలిగి, మంచు కరిగి, బురదై దిగింది. 200 మందికి పైగా చనిపోయారు లేదా గల్లంతయ్యారు. సిక్కింలో 2023 అక్టోబరు 3 రాత్రి దక్షిణ ల్హోనాక్ చెరువులోకి పక్కనున్న గడ్డకట్టిన మొరైన్ (హిమానీనదం వదిలిన రాళ్లమట్టి గుట్ట) జారిపడింది, చెరువు కట్ట తెగి దాదాపు 5 కోట్ల ఘనపు మీటర్ల నీళ్లు దిగాయి. ఆ చెరువు 5,200 మీటర్ల ఎత్తులో ఉంది. కింద చుంగ్‌థాంగ్‌లో 60 మీటర్ల తీస్తా-3 డ్యాం, 1,200 మెగావాట్లది, కొట్టుకుపోయింది. ఆ నీళ్లు కిందికి వస్తూ ఒడ్లు కోసుకుంటూ వచ్చాయి కాబట్టి పైన తెగిన నీళ్ల కన్నా చాలా రెట్లు రాయి, మట్టి కలిశాయి. వానను నది ప్రవాహంగా మార్చే మీ యూనిట్ హైడ్రోగ్రాఫ్‌లో ఇది ఎక్కడ ఉంటుంది?

కొండవాగు గారూ, మీ క్యాచ్‌మెంట్‌లో హిమానీ చెరువులు ఉన్నాయా?

#20 కొండవాగు
ఉపగ్రహ చిత్రంలో రెండు కనబడుతున్నాయి మేడమ్. ఒకటి రాతి గిన్నెలో ఉంది. ఇంకోదానికి మొరైన్ కట్ట, 0.2 చదరపు కిలోమీటర్లు ఉంటుంది. అయిదేళ్ల కిందటి చిత్రంలో ఇంత లేదు. రిపోర్టులో చెరువుల గురించి ఒక పేరా రాయమన్నారంతే. కింద 9 కిలోమీటర్లలో బస్టాండు ఉన్న ఊరు ఉంది, నది ఒడ్డునే.

#21 రాళ్లబడి
ఒక పేరా చాలదు. ఆ మొరైన్ కట్ట తెగితే ఎంత వస్తుందో, మీ బ్యారేజీ దగ్గరికి ఎన్ని నిమిషాల్లో వస్తుందో లెక్క వేయాలి. మేం చేసిన పనుల్లో ఆ తెగిన వరదకు నూరేళ్ల వాన వరద కలిపి, ఆ మొత్తాన్ని పీఎంఎఫ్‌తో పోల్చి చూశాం. నీటి అంకె ఒక్కటే కాదు, బండలు గేట్లకు అడ్డం పడితే సామర్థ్యం కాగితం మీదే మిగులుతుంది. ఊరు అంత దగ్గరుంటే, తరగతి మధ్యస్థమే అయినా పెద్ద వరద తీసుకోవడానికి ఆ ప్రమాణమే వీలిస్తుంది. @రేడియల్‌గేటు గారు ఆ వాక్యం వదిలేశారు.

#22 రేడియల్‌గేటు
వదిలేయలేదు, ఊరు ఉందని ఇప్పుడే కదా చెప్పారు. ఊరు ఉంటే నా మాట మార్చుకుంటాను. గేట్లకు తోడు, అన్నీ మూసుకుపోయినా నీళ్లు మీద నుంచి పోయేలా ఒక గేటు లేని భాగం కూడా అడగండి.

#23 లెక్కలపిచ్చి
వాన వైపు ఒక అనుమానం. మూడు వానమాపకాలూ లోయలో ఉంటే ఆ పీఎంపీ, అంటే గరిష్ఠ సంభావ్య వాన, ఎలా తీశావు? సగటుకు కొన్ని రెట్ల విచలనం కలిపే హెర్ష్‌ఫీల్డ్ పద్ధతి అయితే గుణకం 15 వేశావా?

#24 కొండవాగు
అవును, 15. 31 ఏళ్ల స్టేషన్ ఒకటి ఉంది, ఏటా ఒక్కరోజులో పడ్డ అతి పెద్ద వానల సగటు 82 మిల్లీమీటర్లు, ప్రామాణిక విచలనం 24. 442 వచ్చింది. 24 గంటలకు మార్చడానికి 1.13తో గుణించాను.

#25 పాత_గేజి
15 అన్నది హెర్ష్‌ఫీల్డ్ 1961లో వేల స్టేషన్లు చూసి గీసిన పైగీత. తర్వాత ఆయనే, సగటు వాన ఎక్కువున్నచోట అది తగ్గుతుందని సవరించాడు. గుడ్డిగా వేయకు. ఆ ప్రాంతంలో ప్రతి స్టేషన్‌లో అతి పెద్ద వానను పక్కన పెట్టి, మిగిలినవాటి సగటు, విచలనంతో ఆ పెద్దదాని గుణకం ఎంతో తీయి. అన్నిట్లోకీ ఎక్కువ వచ్చిన గుణకాన్నే వేయి. నీ 4,100 ఇక్కడ కొంచెం తగ్గొచ్చు కూడా. తగ్గితే నిజాయితీగా తగ్గినట్టు, భయపడకు. కేంద్ర జల సంఘం, వాతావరణ శాఖ కలిసి వేసిన పీఎంపీ అట్లాస్ ఉంది, దాంతో పోల్చు. కింద మైదానంలో పడ్డ తుపాను వానను మాత్రం ఎత్తుకొచ్చి కొండ మీద పెట్టకు. మొదటి ఎత్తైన గోడకు తగిలి కురిసేది వేరు, దాని వెనక లోయలో కురిసేది వేరు.

యూనిట్ హైడ్రోగ్రాఫ్ పీక్‌ని పెంచావా? పెద్ద వరదలో నీళ్లు త్వరగా దిగుతాయి కాబట్టి 25 నుంచి 50 శాతం పెంచడం అలవాటు.

#26 సున్నాడిగ్రీ
లోయ గేజీలను నమ్మడం గురించి ఒక్క మాట. 2010 ఆగస్టు 6న లేహ్‌లో కుంభవృష్టికి ఊరు ఊరే బురదలో కూరుకుపోయింది, 200 మందికి పైగా పోయారు. ఆ రోజు వాతావరణ కేంద్రంలో నమోదైంది 12.8 మిల్లీమీటర్లు, అసలు కురిసింది ఆ మాపకానికి అందలేదు.

#27 చెయ్యేటి_గట్టు
12 మిల్లీమీటర్లకేనా! మా ఊళ్లో దానికి చెప్పులు కూడా తడవవు.

#28 ఒండ్రుమట్టి
గేజి లేనిచోట నదినే అడగాలి. వరద మలుపుల్లో, పాయలు కలిసేచోట నెమ్మదించినప్పుడు సన్నటి ఒండ్రు పొరలు వదిలిపోతుంది. ఒక్కో పొర ఒక్కో వరద. మన గోదావరిలో, నర్మదలో, అలకనందలో ఇలా వందల ఏళ్ల పాత వరదలు తవ్వి తీశారు. డీపీఆర్‌కి అంత టైము ఇవ్వరు. కానీ 2013 గుర్తులు ఇంకా ఉంటాయి. ఊరివాళ్లకు తెలుసు, గుడి గోడ మీద ఎంతవరకు వచ్చిందో చూపిస్తారు.

ఆ ప్రాంతంలోనే పాత కథ ఒకటి. 1893లో బిరహీ గంగకు కొండ విరిగిపడి గోహ్నా దగ్గర పెద్ద చెరువు కట్టింది. ఇంజనీర్లు అక్కడికి పోయి కొలిచి, మరుసటి ఏడాది ఆగస్టులో నిండుతుందని దాదాపు సరిగ్గా చెప్పారు. టెలిగ్రాఫ్ తీగ వేసి కింది ఊళ్లు ఖాళీ చేయించారు. 1894 ఆగస్టు 25 రాత్రి తెగింది. గఢ్వాల్‌లోని శ్రీనగర్ పట్టణం తుడిచిపెట్టుకుపోయింది, ఖాళీ చేసినవాళ్లు మాత్రం బతికారు.

#29 కొండవాగు
అందరికీ ఒకేసారి రాస్తున్నాను. నిన్న సార్‌తో కూర్చున్నాను. ఐఎస్ తరగతి గురించి చెబితే ఆయన కాస్త మెత్తబడ్డారు, "ఈ మాట నాకు ముందే చెప్పాల్సింది" అన్నారు. ఊరి సంగతి, చెరువు సంగతి చెప్పాక చాలాసేపు మాట్లాడలేదు. గుణకం సరిచేస్తే, అంటే 15 బదులు ఆ చుట్టుపక్కల స్టేషన్ల నుంచి వచ్చిన 12.6 వేస్తే, యూనిట్ హైడ్రోగ్రాఫ్ పీక్ 25 శాతం పెంచాక కూడా పీఎంఎఫ్ 3,850 వచ్చింది. సున్నా మట్టం 4,900 దగ్గరే ఉంచాను. ఎస్‌పీఎఫ్ విడిగా చేస్తున్నాను. చెరువు లెక్కకు ఇంకో నెల అడిగాను, మూడు వారాలు ఇచ్చారు. 2013 గుర్తుల కోసం సైట్‌కి వెళ్లడానికి టికెట్ ఇస్తామన్నారు. బ్యారేజీకి కిలోమీటరు పైన నది ఒడ్డున ఒక చిన్న గుడి ఉంది, దాని మెట్ల మీద వరద గీత ఉందని అక్కడి డ్రైవర్ చెప్పాడు.

#30 చెయ్యేటి_గట్టు
పో అన్నా. పోయి చూడు.

#31 పాత_గేజి
మంచిది. గుడి నది వంపులో ఉంటే ఆ ఒక్క గీతను నమ్మకు, వంపు బయటివైపు నీళ్లు ఎత్తుగా లేస్తాయి. నేరుగా పోయేచోట రెండు ఒడ్లనూ, కనీసం మూడు అడ్డకోతల (నదిని అడ్డంగా కొలిచే చోట్ల) దగ్గర గుర్తులు వెతికి లెవెల్ తీయి. నీటి వాలు గుర్తుల నుంచే రావాలి, అడుగు వాలు వేయకు. నది అడుగు నీటిని ఎంత అడ్డుకుంటుందో చెప్పే మానింగ్ గుణకం బండరాళ్ల నదికి 0.05 నుంచి 0.07 దాకా వేసి రెండు వైపులా చూడు. వరద తర్వాత అడుగు ఎంత కోసుకుపోయిందో, ఎంత పూడిందో ఊళ్లో పెద్దవాళ్లను అడుగు. టేపు, లెవెల్ కర్రతో పాటు రంగు డబ్బా కూడా తీసుకుపో, దొరికిన ప్రతి గుర్తు పక్కన తేదీ వేసి రా.